రెండు వేళ్ళ బట్ట

గాలికి గుమ్మం తెర ఉబ్బింది. ఎవరో లోపలికి వస్తున్నట్టే.

ఎవరూ రాలేదు.

ఆరు నెలలుగా ఇదే వరస. తెర ఉబ్బుతుంది... నేను తలెత్తుతాను... తెర వాలిపోతుంది. మళ్ళీ కుట్టుమిషను తొక్కుతాను.

ప్రభువా, నువ్వు చెప్పిందే కదా నేను చేసింది.

ఆరు నెలల కిందట, నేను పనిచేసే చొక్కాల ఫ్యాక్టరీలో ఒకరోజు కరెంటు పోయింది. ఎనభై మిషన్లు ఒక్కసారిగా ఆగాయి. పదకొండేళ్ళలో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. నా ముందు సగం కుట్టిన చొక్కా చెయ్యి. అప్పుడు నా గుండెలో స్పష్టంగా వినిపించింది — బయలుదేరు.

ఎక్కడికో చెప్పలేదు.

సరే, నడిపించేవాడు ఆయనే కదా అనుకున్నాను. పెట్టె సర్ది మంచం కింద పెట్టాను. ఆయన మాట కోసం ఎదురుచూస్తూ కనిపెట్టాను. కనిపెడుతూనే ఉన్నాను. ప్రార్థించి ప్రార్థించి మోకాళ్ళు కాయలు కాశాయి. కట్టుకోవడానికి ఒక్కో జతా బయటికి తీసి తీసి, పెట్టె సగం ఖాళీ అయింది.

అక్క నవ్వుతుంది. "నీ దేవుడికి అడ్రసు చెప్పే అలవాటు లేదటే?"

నవ్వనీ. నాకు ఒళ్ళు మండిపోతోంది. అయితే అది అక్క మీద కాదు.

పొద్దున ఫ్యాక్టరీ సూపర్‌వైజరు ఫోన్ చేశాడు. "ఏమ్మా, రేపటితో మీ సెలవు అయిపోతుంది. వస్తున్నారా, మీ మిషను ఇంకొకరికి ఇచ్చెయ్యమంటారా? సాయంత్రంలోగా చెప్పండి."

సాయంత్రం కావస్తోంది. అక్క తన జాకెట్టు తెచ్చి నా ఒళ్ళో పడేసింది. "బిగుతైపోయిందే. కాస్త వదులు చేసిపెట్టు."

పక్క కుట్టు విప్పాను. లోపల రెండు వేళ్ళ బట్ట. నేను వదిలిందే. ఎవరికి కుట్టినా వదులుతాను. రేపు మనిషి ఎలా ఉంటుందో తెలీదు కదా, ముందుజాగ్రత్త.

నా చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఆయన బయలుదేరమంటే నేను ఫ్యాక్టరీలో ఏమిచ్చాను? రాజీనామా కాదు. సెలవు చీటీ... ఆరు నెలలకి. దేవుడి పనిలో కూడా లోపల రెండు వేళ్ళు దాచుకున్నాను.

సిగ్గేసింది. కోపం మాత్రం తగ్గలేదు. ఈ ఒక్క ముక్క చెప్పడానికి ఇన్నాళ్ళూ నీకు నోరు రాలేదా?

ఫోన్ తీశాను. "ఇచ్చెయ్యండి సార్. నేనిక రాను."

పెట్టేసి కూర్చున్నాను. ఇప్పుడైనా చెబుతాడని. ఇప్పుడైనా...

ఏమీ లేదు. వీధిలో ఎవరిదో సైకిల్ బెల్లు.

జాకెట్టు కుట్టి ఇచ్చేశాను — ఈసారి లోపల ఏమీ దాచకుండా, అంచు దాకా. మంచం కింద నుంచి సగం ఖాళీ పెట్టె లాగాను.

"ఎక్కడికే?" అక్క ఈసారి నవ్వలేదు.

"తెలీదక్కా. ఆయనకైనా తెలుసో లేదో."

చెప్పులు వేసుకున్నాను. పెట్టె ఎత్తుకున్నాను.

గాలికి గుమ్మం తెర ఉబ్బింది... బయటివైపుకి.