రాహేలమ్మ నోట్లకొచ్చిన చాక్లెట్

"నువ్వు తినకుంటే అక్కడ పిల్ల నోరు సప్పగైతది. జర సోయి ఉన్నదా నీకు?" అన్నడు ఏసుదాసు.

"దాని నోరు సప్పగున్నదనే నేను తింటలేను. దాన్ని వాపస్ పిలిపియ్యి, కుండెడు తింట" అన్నది రాహేలమ్మ.

నెలన్నర సంది ఆ ఇంట్ల ఇదే లొల్లి. పొద్దున రొట్టె కాడ మొదలైతది, మాపు రొట్టె కాడ ఆగుతది. తాండూరుల ఆ గల్లి గల్లంత వీళ్ల లొల్లి వినుకుంటనే పండ్లు తోముకుంటరు.

రాహేలమ్మ పుట్టింటోళ్లల్ల తల్లికి, పెద్దబిడ్డకు నాలిక ఒక్కటే. ఒక ఇంట్ల ఉన్నన్ని దినాలు తెల్వది, బిడ్డ ఊరు దాటితే తెలుస్తది. బిడ్డ ఏం తింటే తల్లి నోట్ల ఆ రుచి, తల్లి ఏం తింటే బిడ్డ నోట్ల ఆ రుచి. కడుపు మాత్రం ఎవలది వాళ్లదే. పెద్దబిడ్డ సలోమి వికారాబాద్ హాస్టల్ల సదివేటప్పుడు నీళ్ల పప్పు నోట్లకు రాంగనే రాహేలమ్మ ఇక్కడ ఇంత తొక్కు నాకేది, అక్కడ పిల్లకు బుక్క దిగేది. పప్పుల ఉప్పు సరిపోయిందా అని హాస్టల్ వంటామె గుడ తాండూరుకే అడిగిపిచ్చేది.

ఇప్పుడు సలోమి స్విట్జర్లాండ్ దేశంల నర్సు సదువు సదువుతుంది. వికారాబాద్ మిషన్ దొరసాని పంపింది. అక్కడ పొద్దున ఉడకవెట్టిన ఆలుగడ్డ, మాపు ఉడకవెట్టిన ఆలుగడ్డ. కారం లేదు, పులుపు లేదు. అది నోట్ల వడ్డప్పుడల్ల రాహేలమ్మ "నా బిడ్డను ఎండవెడుతున్నరు" అని ఏడ్సింది. ఏడ్సి ఏడ్సి ఒట్టు వెట్టుకున్నది. బిడ్డ ఇంటికొచ్చేదాకా ఉప్పులేని జొన్నరొట్టె తప్ప ఏం ముట్టదట. బండల ఖానిల మేస్త్రి ఏసుదాసు. బండలను చీల్చుడు ఎరికె గని, పెండ్లాం మొండితనాన్ని చీల్చుడు ఆయనతోని గాలె.

ఒక శనివారం పగటి అన్నాలైనంక రాహేలమ్మ కందిపప్పు చెరుగుతుంది. ఉన్నట్టుండి చాట కింద వడేసింది.

"ఓ అయ్యా! చింతగింజలు! నా బిడ్డ మాడిన చింతగింజలు తింటుంది!"

పక్కింటోళ్లు గోడ మీదికెల్లి తొంగి చూసిన్రు. చింతగింజలు ఏంచుకొని తినుడు కరువుల ముచ్చట.

"ఇగ చాలు. దొరసాని కాడికే పోత. తల్లి వద్దంటే ఒక్క టెలిగ్రాం కొడ్త, పిల్ల ఓడెక్కుతది అని ఆమెనే చెప్పింది గద!" అని రాహేలమ్మ టేషన్ తొవ్వ వట్టింది.

ఆడ సలోమిది ఇంకో పరేషాన్. నెలన్నర సంది తల్లికెల్లి నోట్లకొచ్చేది ఎండు రొట్టె ఒక్కటే. పచ్చిపులుసు రాదు, తొక్కు రాదు, చేపలకూర రాదు. అమ్మకు పాణం బాగలేదో, ఇంట్ల తిండికి లేదో, నా కాడ దాస్తున్నరు అనుకున్నది. పెట్టె సర్దుకున్నది. సోమవారం పెద్ద నర్సమ్మకు చెప్పి సదువు ఇడిసిపెట్టి ఇంటికి పోవుడే. పోయేలోపల ఒక్కనాడన్న అమ్మ నోట్ల మంచిదేదన్న వెయ్యాలె అని, దాచుకున్న పైసలు వట్టుకొని ఆ శనివారం సుట్టీ నాడు పట్నం చూడవోయింది.

పెద్ద చెరువు, దాని మీద మేకపిల్లలంత తెల్ల బాతులు. చర్చి గోపురం మీద కల్లమంత గడియారం. నడి రోడ్డు మీద గంట కొట్టుకుంట రైలు పోతుంటే మంది దాని పక్కకెల్లి కూరగాయల సంచులు వట్టుకొని నడుస్తున్నరు, ఎవ్వలికి ఫికర్ లేదు. ఇవన్ని కండ్లకే గని నాలికకు పనికిరావు గద. అందుకని వంతెన దాటి ఒక చాక్లెట్ల దుకాణంలకు పోయింది.

"ఎవలికి?" అన్నది దుకాణం ముసలామె.

"మా అమ్మకు."

"ఏది మీ అమ్మ?"

సలోమి నాలిక బయటికి చాపి చూపెట్టింది.

"అట్లనా! మరి మంచియే ఇయ్యాలె" అని ముసలామె లోపటికి పోయి ఇంకో పళ్లెం తెచ్చింది. "ముందు నల్లది పెట్టు, తర్వాత పాలది. గ్లాసుల నీళ్లు పెడ్త, నడుమ నడుమ నోరు కడుక్కో."

ఇక్కడ తాండూరు టేషన్ల రైలు కదులుతుంటే ఏసుదాసు చెప్పులు చేతవట్టుకొని ఉరికొచ్చి డబ్బల వడ్డడు. రాహేలమ్మకు ఎదురుంగ జంగమ్మ అని గొర్లు కాసే ముసలామె కూసున్నది. ఒళ్లె తల్లి లేని గొర్రెపిల్ల. గుడ్డపీలిక పాలల్ల ముంచి దానికి చప్పరిపిస్తుంది. ఎందుకు ఏడుస్తున్నవు బిడ్డా అని అడిగితే రాహేలమ్మ అంత చెప్పుకున్నది.

"ఇప్పుడు పాలు కలిపిన్రు" అన్నది రాహేలమ్మ కొంగుతోని కండ్లు తుడుసుకుంట. "చింతగింజలల్ల పాలు, చక్కెర."

డబ్బలోళ్లు దగ్గరికి జరిగిన్రు.

"ఇప్పుడేంది?" అన్నరు ఎవలో.

"పల్లికాయల్లాంటియి... పల్లికాయలు గావు." జరసేపటికి ముక్కు ఎగబీల్చింది. "ఛీ! సారా! ఇప్పసారా!"

"గా నాలిక నాకన్న పెట్టకపాయె దేవుడు" అన్నడు ఏసుదాసు. డబ్బంత నవ్వింది.

"నువ్వు నవ్వుతవేందయ్యా? ఆకలికి ఏది దొరికితే అది తింటుంది పిల్ల!"

జంగమ్మ నవ్వలె. "నమిలి మింగుతుందా, నోట్ల ఉంచుతుందా?" అని అడిగింది.

"ఉంచుతుంది. కరిగేదాకా ఉంచుతుంది. మల్ల నీళ్లు తాగి, ఆగి, ఇంకోటి వేసుకుంటది."

"నేను కరువుల చింతగింజలు తిన్నదాన్ని బిడ్డా. ఆకలైనోళ్లు ఉంచుకోరు. దవడలు నొయ్యంగ నమిలి గుటుక్కున మింగుతరు. ఇగో, నేను ఈ పిల్లకు పెడుతలేనా? ఇంత పెడ్త, మింగేదాకా ఆగుత, మల్ల ఇంత పెడ్త. నీ బిడ్డ చేసేది తినుడు గాదు. తినిపిచ్చుడు."

"ఎవలికి?"

"ఆ నోరు ఇంకెవలిది?"

"నాకెందుకు తినిపిస్తది?"

"అది నువ్వే చెప్పాలె. నెలన్నర సంది నువ్వు దానికి ఏం పెట్టినవ్?" అని జంగమ్మ గొర్రెపిల్లను సంకల వెట్టుకొని ధారూర్ల దిగిపోయింది.

రాహేలమ్మ వేళ్ల మీద లెక్కవెట్టుకున్నది: నెలన్నర, ఉప్పులేని ఉత్త రొట్టె. నోట్ల ఇంకోటి కరుగుతుంది. ఏసుదాసు ఒక్క మాట అనలె. కిటికిలకెల్లి గుట్టలు చూసుకుంట కూసున్నడు. ఇన్నేండ్ల కాపురంల ఆయన చేసిన తెలివైన పని అదే.

వికారాబాద్‌ల దిగేసరికి పొద్దు గుంకుతుంది. మిషన్ తొవ్వ ఎదురుంగనే ఉన్నది.

"పోదామా దొరసాని కాడికి?" అన్నడు ఏసుదాసు.

ప్లాట్‌ఫారం మీద పండ్లమ్మే మైసమ్మ సీతాఫలాల గంప ముందటేసుకొని కూసున్నది. రాహేలమ్మ వంగి, మెత్తగ పండిన కాయ ఏరి, ధర గుడ అడగకుంట రెండు చీల్కలు చేసింది. ఒక తునక నోట్లేసుకొని కండ్లు మూసుకున్నది. నమలలె. చప్పరిచ్చుకుంట నిలవడ్డది.

ఆడ సలోమి చెరువు ఒడ్డున బల్ల మీద కూసున్నది. నోట్లకు తియ్యగ, ఇసుక ఇసుకగ, మెత్తగ వచ్చింది. లేని గింజను నీళ్లల్లకు తుప్పున ఉమ్మింది. ఉమ్మి పక్కున నవ్వింది. పక్కన కూసున్న తెల్లాయన జర జరిగి ఆమెకు ఇంకింత జాగ ఇచ్చిండు. మల్ల ఇంకో తునక వచ్చింది, ఇంకోటి వచ్చింది. అట్లనే లేసి హాస్టల్‌కు పోయి పెట్టెలకెల్లి బట్టలు తీసి మల్ల అల్మారల వెట్టుకున్నది. సోమవారం పెద్ద నర్సమ్మ కాడికి పోలె. సదువు పూర్తిచేసి, నర్సమ్మ అయ్యే వచ్చింది.

ఇక్కడ రాహేలమ్మ కాడ ఇంకో లొల్లి మొదలైంది.

"నాలుగు పండ్లు తిన్నవ్. నాలుగణాలు తీయ్యి" అన్నది మైసమ్మ.

"నాలుగేంది? ఒకటి మురిగింది."

"మురిగిందానివి గుడ గింజలే మిగిలినయి గదనే!"

"ఇచ్చెయ్యరాదే" అన్నడు ఏసుదాసు.

"నువ్వు ఊకో. పద్దెనిమిది పైసలు ఇస్త."

"నాలుగణాలంటే ఇరవై అయిదు నయాపైసలు. సర్కారే చెప్పింది."

"సర్కారు వచ్చి తిన్నదా?"

గార్డు జెండ ఊపిండు, రైలు పట్నం దిక్కు పోయింది, లాంతర్లు ముట్టిచ్చిన్రు. అయినా ఇద్దరు తగ్గలె. కొసకు రాహేలమ్మ కొంగు ముడి విప్పి, ఒక్కొక్కటి లెక్కవెట్టి మైసమ్మ చేతుల వోసింది, ఇరవై రెండు నయాపైసలు.