తెర మీద ముందే పడ్డ మాట

నాటకశాల వెనకగోడకు ఆనుకుని ఉన్న అద్దాల గదిలో చెల్లెలు కంప్యూటరు ముందు కూర్చుంది. కింద మూడో వరుసలో అక్క. జబ్బు చేసి వినికిడి పూర్తిగా పోయిన దగ్గర్నుంచి అక్క నాటకాల ఊసెత్తలేదు. వేదిక పైన చిన్న తెర కట్టి, నటుల మాటల్ని దాని మీద చూపిస్తానని దర్శకుణ్ణి కాళ్లావేళ్లా పడి ఒప్పించింది చెల్లెలే. వినపడనివాళ్లు ఇంకొందరు కూడా వచ్చి ఆ వరుసలోనే కూర్చున్నారు.

చెల్లెలు ప్రోగ్రామర్. నాటకం మొత్తాన్నీ ఒకే పొడవాటి పాఠంగా తీసుకుని, చుక్క గానీ ప్రశ్నార్థకం గానీ కనబడ్డ ప్రతిచోటా తెంపి, ముక్కల్ని వరసగా అరే అనే జాబితాలో పేర్చేలా రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అనే చిన్న సూత్రం రాసింది. మీట నొక్కితే తరవాతి ముక్క తెర మీదికి వస్తుంది. వెనక్కి వెళ్లే మీట పెట్టలేదు. నటులు వెనక్కి వెళ్లరు కదా అనుకుంది.

మొదటి రంగం సాఫీగా సాగింది. నవ్వుతో అక్క భుజాలు కదలడం పైనుంచి చూసి చెల్లెలికి ప్రాణం లేచివచ్చింది.

రెండో రంగంలో మీట నొక్కితే తెర ఖాళీగా వెలిగింది. మళ్లీ నొక్కింది. మళ్లీ ఖాళీయే. అప్పుడు తట్టింది. పాత్రలు తడబడే చోటల్లా రచయిత మూడేసి చుక్కలు పెట్టాడు. ప్రతి చుక్క దగ్గరా పాఠం తెగింది. చుక్కకూ చుక్కకూ మధ్య ఏమీ లేని ముక్కలు కూడా అరేలో వచ్చి కూర్చున్నాయి. తను పరీక్షించి చూసింది మొదటి రంగం ఒక్కటే.

ఆ ఖాళీలు దాటేలోపు వేదిక ముందుకెళ్లిపోయింది. కొడుకు తండ్రి మీద మండిపడుతుంటే తెర "కాఫీ కలపనా" అంది. హాలంతా గొల్లున నవ్వింది. ఎందుకు నవ్వుతున్నారో తెలియక మూడో వరుసవాళ్లు అటూ ఇటూ చూశారు. పక్కనున్న లైట్ల మనిషి ఆపేయమన్నాడు. ఆపితే అక్కకు ఇంకేం మిగలదని ఆమె వినలేదు. నటుల్ని అందుకోవాలని టకటకా నొక్కేసింది. నాలుగైదు ఎక్కువే నొక్కింది.

వేదిక మీద కొడుకు తల్లి కోసం కొన్న శాలువా చంకన పెట్టుకుని, ఈల వేసుకుంటూ ఇంటి తలుపు వైపు వస్తున్నాడు. తెర మీద "అమ్మ పోయిందిరా" అని పడింది.

వెనక్కి తిప్పే దారి లేదు. లైట్ల మనిషి చెయ్యి చాపి తెర ఆర్పేశాడు గానీ, చదవాల్సినవాళ్లు అప్పటికే చదివేశారు. కొడుకు చెప్పులు విప్పాడు. అద్దంలో చూసుకుని జుట్టు సర్దుకున్నాడు. మూడో వరుస మొత్తం ఊపిరి బిగబట్టి అతన్నే చూస్తోంది. చెల్లెలు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయింది.

విరామంలో తన సూత్రంలో చుక్క పక్కన ఒక్క కూడిక గుర్తు చేర్చింది. ఎన్ని చుక్కలు వరసగా వచ్చినా ఒక్కచోటే తెగుతుంది ఇప్పుడు. ఖాళీలన్నీ పోయాయి. పరుగున వెళ్లి చెబితే, దర్శకుడు గొంతు పెంచకుండానే అన్నాడు.

"తెర విప్పించేశానమ్మా. ఇంక వదిలెయ్."

మిగతా సగం అక్క నటుల పెదాలు చూస్తూ చివరిదాకా కూర్చుంది. బయటికి వచ్చాక, తన గొంతు తనకే వినపడదు కాబట్టి, గట్టిగా అంది.

"వాడికి తెలీదు, నాకు తెలుసు. లోపలికి వెళ్లొద్దురా అని అరవాలనిపించిందే. నోరు రాలేదు."

జనం తిరిగి చూశారు. చెల్లెలు ఫోన్లో, తప్పు తనదేననీ, సరిచేశాననీ రాసి అక్క చేతికిచ్చింది.

"రేపు తెర ఉంటుందా మరి?"

చెల్లెలు తల అడ్డంగా ఊపింది. అక్క ఫోను తిరిగి ఆమె చేతిలో పెట్టి బస్టాపు వైపు నడిచింది.