అడ్డమా, నిలువా

పోయినేడు మాతో పనిచేసే బుచ్చన్నకు కుంటడం నేర్పింది నేనే. మా గనిలో ఒంట్లో ఏదో పనిచేయదని డాక్టర్లు ‘అన్‌ఫిట్’ రాస్తే ఆ నౌకరీ కొడుక్కి వస్తుంది. బుచ్చన్న వారం రోజులు నా దగ్గర సాధన చేసి డాక్టర్ల ముందు కుంటాడు. కాగితం చేతికి రాగానే గోదావరిఖని బస్సు వెంట పరుగెత్తాడు. అది చెప్పుకుని ఏడాదంతా నవ్వాం. ఆ నవ్వే ఇప్పుడు నా మెడకు చుట్టుకుంది.

నేను హాలర్ నడుపుతాను. గని లోపల బొగ్గు టబ్బులను తాడుతో లాగే యంత్రం అది. అవతల టబ్బుల దగ్గర మా బావ పోశం ఉంటాడు. చీకట్లో అతని నెత్తిమీది దీపం నిలువుగా ఊగితే లాగాలి, అడ్డంగా ఊగితే ఆపాలి. ఇరవై ఏళ్లుగా మా ఇద్దరి మాటలు అవే.

ఈమధ్య నాకు శుక్లాలకు ఆపరేషన్ చేసి రెండు కళ్లలో లెన్సులు పెట్టారు. పగలు ఆవగింజ కూడా కనిపిస్తుంది. చీకట్లో దీపం చూస్తే మాత్రం దాని చుట్టూ గుండ్రాలు, గీతలు. ఒక్క దీపం పదవుతుంది. సెలవు అయిపోయి మొన్న డ్యూటీ ఎక్కాను. పోశం దీపం ఎటు ఊగిందో తేలక లాగాను. అరుపు విని బ్రేకు వేసేసరికి టబ్బుకీ గోడకీ మధ్య అతని చొక్కా ఇరుక్కుంది. దేవుడి దయ, చొక్కా ఒక్కటే.

“అన్‌ఫిట్ కోసం ఆటాడు గని, నా పానం మీద ఆడకు బావా,” అన్నాడు పోశం.

“ఒట్టు బావా, నిజంగ తెలుస్తలేదు.”

“బుచ్చన్న గూడ గట్లనే ఒట్టేసిండు.”

ఇవాళ దవాఖానకు పోయాను. డాక్టరు అక్షరాల బోర్డు చూపిస్తే చివరి వరుస దాకా గడగడా చదివేశాను. లెన్సు పెట్టాక కొందరికి వెలుగు చుట్టూ వలయాలు కనిపిస్తాయనీ, కొన్ని నెలల్లో అలవాటవుతుందనీ చెప్పి ఫిట్ రాశాడు. “కొడుకు ఏం చేస్తుంటడు?” అని నవ్వాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను తల దించుకున్నాను. గని పైన ఏదైనా పని ఇమ్మని మా షిఫ్టు చూసే ఓవర్‌మన్‌ను బతిమాలాను. “ఫిట్ రాసినంక పైపని ఎట్లిస్తరు సదయ్యా?” అన్నాడు.

ఇంటికొస్తే నా భార్య అనసూర్య కోడికూర వండింది. “భూపాల్‌కు నౌకరి అయినట్టే,” అని కొడుకు పేరు చెప్పి మరో ముక్క వేసింది. బల్బు కింద నిలబడ్డ ఆమె ముఖం గీతల్లో కలిసిపోయింది.

“డాక్టరు ఫిట్ రాసిండు. లైట్లు నిజంగనే చెదురుతున్నయే. రేపు పోశం సచ్చిపోతె ఎట్లనే?”

“నా ముంగట గూడ నాటకం ఎందుకయ్యా? తలుపు ఏసే ఉన్నది గదా.”

పొద్దున్నే ఫస్టు షిఫ్టు. పోకపోతే నాటకం, పోతే పోశం. ఏం చేయాలో తోచక కంచం ముందే బోరున ఏడ్చాను. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె ముందు ఏడవడం అదే మొదటిసారి.

అనసూర్య నా గడ్డం పట్టుకుని చూసి మురిసిపోయింది.

“గీ ఏడుపేదో డాక్టరు ముంగట ఏడిస్తె అయిపోతుండె గదయ్యా!”