ఓవెన్‌లో ఆరిన రాయి

పొద్దున తొమ్మిదింటికి ఆమె ల్యాబులోని ఓవెన్ తలుపు తీసేసరికి రాయి ఎండిపోయి ఉంది.

నేల చీలిన చోట, రెండు కిలోమీటర్ల లోతు నుంచి తీసిన ముక్క అది. భూకంపాలు నలిపి పిండి చేసిన బంకమట్టి రాయి, అరచేతి పొడవు. లోపలి నీరు పోకుండా మైనం పూసి పైకి తెచ్చారు. ఆమె పరిశోధనంతా ఆ నీటి మీదే. పగులు మెల్లగా కదిలితే రెండు వైపుల రాళ్లూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. భూకంపం వేగంతో కదిలితే మధ్యలోని నీరు వేడెక్కి, ఉబ్బి, ఆ పట్టు విడిపిస్తుంది. ఆరేళ్లుగా ఆమె చెబుతున్నది ఇదే. రుజువు చూపడానికి ఈ ముక్క కావాలి. ఎండాక మళ్లీ తడిపితే అది ఆ రాయి కాదు.

"ఓవెన్‌లో ఎవరు పెట్టమన్నారు బాబాయ్?"

ముప్పై ఏళ్లుగా అక్కడ రాళ్లు కోసి నునుపు చేసే పెద్దాయనను ల్యాబంతా బాబాయ్ అనే పిలుస్తుంది. ఆయన చేతులు తుడుచుకున్నాడు.

"నువ్వే కదమ్మా! రాయితో ఇచ్చిన చీటీలో తడా పొడా అన్న గడి ఖాళీగా వదిలేశావు. ఖాళీ అంటే పొడే. నిన్నా మొన్నా వచ్చిన పద్ధతా ఇది?"

నిజమే. ఖాళీ గడి అంటే ఆరబెట్టమని. నిన్న హడావుడిలో ఆమె రాయలేదు.

మిగిలిన ఒక్క ముక్క డైరెక్టరు బీరువాలో ఉంది. చేతులారా పాడుచేసుకున్నవాళ్లకు ఆయన రెండోది ఇవ్వడు. బాబాయ్ టీకి వెళ్లగానే ఆమె చీటీ తీసి, గడిలో 'తడి' అని రాసింది.

పదకొండింటికి డైరెక్టరు వచ్చి చీటీ చూశాడు.

"రాళ్లతో ఉండి ఉండి నువ్వూ రాయివైపోయావేంటయ్యా? తడి అని ఇంత అక్షరాలతో ఉంటే!"

"నా చేతికిచ్చినప్పుడు లేదు సార్." బాబాయ్ ఆమె వైపు తిరిగాడు. "చెప్పు తల్లీ."

ఆమె చెప్పింది.

"బాబాయ్‌కి చూపు ఆనడం లేదు సార్. ఏడాదిగా మీటర్లు నేనే చదివి పెడుతున్నా. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు."

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఆయనకు ఇంకా రెండేళ్ల ఉద్యోగం ఉంది.

"దూరానివే సార్ కనబడనివి. చీటీ దగ్గర పెట్టుకుంటే శుభ్రంగా..."

"అదంతా ఎందుకు?" డైరెక్టరు గది ఆ చివర, రాళ్లను నొక్కే యంత్రం పైనున్న పీడనం మీటరు చూపించాడు. "ముల్లు ఎంత మీదుందో చెప్పు, చాలు."

బాబాయ్ కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నాడు. తర్వాత తల కాస్త పక్కకు, ఆమె వైపు వంచాడు. ఏడాదిగా ఆ చెవిలోనే ఆమె అంకె చెబుతూ వచ్చింది.

ఆమె నేల చూస్తూ నిలబడింది.

రోజూ ఆ వేళకు నలభై ఉంటుంది.

"నలభై సార్."

డైరెక్టరు చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మధ్యాహ్నం వచ్చి రెండో ముక్క తీసుకోమ్మా," అని ఆమెతో చెప్పి వెళ్లిపోయాడు.

బాబాయ్ ఇంకా మీటరు వైపే చూస్తున్నాడు.

"ఎంతుంది తల్లీ?"

"సున్నా," అంది ఆమె. "మిషన్ ఇంకా ఆన్ చెయ్యలేదు బాబాయ్."