కందిచేను చివరి మూల

రిబ్కమ్మ కడుపు రాయిలా గట్టిపడింది. పేగులకు మంచిదని కూతురు సలోమి నారాయణఖేడ్ మందుల దుకాణంలో పీచుపొడి డబ్బా కొనిచ్చింది. అది మొదలుపెట్టాక మలబద్ధకం తగ్గకపోగా ఉబ్బరం ఊపిరాడనివ్వడం లేదు.

"పొడితోటి నీళ్లు మస్తు తాగాలన్నరు గదనే అమ్మా! తాగుతున్నవా లేదా?" ఫోన్‌లో సలోమి గద్దించింది.

రిబ్కమ్మ ఫోన్ కట్టేసి, కందిచేలో మళ్లీ కొడవలి అందుకుంది. పొద్దున రెండు గుటకల నీళ్లతో పొడి మింగి, ఇంటికి చేరేదాకా నాలుక తడపదు. కూలికొచ్చే ఆడవాళ్లందరిదీ అదే పద్ధతి. కంది నిలువెత్తున ఉన్నన్నాళ్లూ ఒంటికి కూర్చోవడానికి కాస్త చాటుండేది. కోసేకొద్దీ చేను బోడిదైపోతోంది. గట్టు మీద మగవాళ్లు.

కడుపులో మళ్లీ మెలిపెట్టింది. "దేవా, ఇగ నాతోని కాదు" అంటూ నీళ్ల సీసా ఎత్తి గటగటా తాగేసింది.

"గా మూల గూడ జల్దీ కొయ్యుండ్రి!" చేను ఆసామి శివరాజ్ గట్టు మీంచి అరిచాడు. ఆడవాళ్లు కొడవళ్లు పట్టుకుని కదిలారు.

రిబ్కమ్మ కడుపు పట్టుకుని పరుగెత్తి, మిగిలిన ఆ కాస్త కందికి అడ్డం నిలబడింది.

"మీకు దండం పెడ్త, గిది కొయ్యకుండ్రి," అంది ఏడుస్తూ. "నేను నీళ్లు తాగిన."