కుంకుడు నురగ సాక్షిగా

నేను ఒక ఇనుప తాళంచెవిని. బీరువాలు తెరిచే బుల్లిదాన్ని కాదు. మనిషి నడుము దాకా వస్తాను. పైన పట్టుకోవడానికి అడ్డకడ్డీ ఉంటుంది. మా కాలనీ ట్యాంకు కింద ఐదు వీధులకు ఐదు వాల్వులున్నాయి, వాటిని తిప్పేది నేనే. కదిరిలో ఖాదర్‌బాషా వెల్డింగు షాపులో పుట్టాను. చుట్టూ నిప్పురవ్వలు, మతాబులు కాల్చినంత సంబరం!

కాలనీ అధ్యక్షుడు చెన్నకేశవులు నన్ను పూజగదిలో నిలబెట్టి బొట్టు పెట్టాడు. జెండా పండగ వస్తే చాలు, "నాయకునికి నీతి ఉండాల" అని ముప్పావుగంట మాట్లాడేవాడు. మర్నాడు తన ఒకటో వీధికి నన్ను ఆరు చుట్లు తిప్పేవాడు. ఐదో వాల్వు దగ్గరికి రాగానే ఆయనకు భుజం నొప్పి పుట్టేది. ఒక్క చుట్టుతో సరి. ఆ వీధి చివరింటి సుంకులమ్మకు రెండు బిందెలు నిండితే గొప్ప. పదకొండేళ్ళలో ఆ నొప్పి ఒక్కసారైనా వేరే వాల్వు దగ్గర పుట్టలేదు.

ఈసారి ఎన్నికలో మంజువాణి గెలిచింది. ఒకటో వీధికి కొత్తకోడలు, పెళ్ళయి నెల. ఆమె పెట్టిన నియమం ఒక్కటే: నేను ఎవరింట్లో ఉంటే వాళ్ళ వీధికి నీళ్ళు ఆఖర్న.

"అందరూ మొదుట్లో ఇట్లనే చెప్తారులే" అంది సుంకులమ్మ.

మూడో రోజే కరెంటు పోయి ట్యాంకు సగమే నిండింది. మంజువాణి నన్ను ఐదో వాల్వులోకి దించుతుండగా ఆమె భర్త ఓబులేశు పరుగున వచ్చాడు. నడుముకు తువ్వాలు, తలనిండా కుంకుడు నురగ.

"మంజూ, తొట్లో నీళ్ళు అయిపోయినాయే! మనకు రెండు చుట్లు తిప్పు. కండ్లు మండుతుండాయి!"

ట్యాంకు గేటు దగ్గర నిలబడ్డ చెన్నకేశవులు మురిసిపోయాడు. "తిప్పమ్మా! ఇంట్లోవాళ్ళకు కాక ఇంకెవరికి? నేను చేసిందీ అదే గదా!"

ఆ మాటతో ఆమె చేయి ఆగింది. మరుక్షణం నన్ను ఐదో వాల్వులో ఆరు చుట్లు తిప్పింది.

తర్వాత నా ఒక కొస తను పట్టుకుని, రెండో కొస భర్త చేతికిచ్చి, కళ్ళు మూసుకున్న ఆయన్ని ఐదో వీధికి నడిపించుకుపోయింది. ఇద్దరూ ఒకటే నవ్వు. పెళ్ళిలో కొంగుముడి భాగ్యం ఇలాగే ఉంటుందేమో!

సుంకులమ్మ ఆయన్ని బండమీద కూర్చోబెట్టి చెంబుతో పోసింది. "నీ పెండ్లాం మాట నిలబెట్టుకునింది నాయనా. కండ్లదేముంది, సాయంత్రానికి తగ్గుతాయిలే!"

ఆ రోజు ఒకటో వీధికి చుక్క రాలేదు. మధ్యాహ్నం చెన్నకేశవులే బిందెతో ఐదో వీధికొచ్చాడు.

"భుజం నొప్పి గదప్పా, నేను మోసకొస్తా పాండి" అంది సుంకులమ్మ.

ఆయన బిందె తనే ఎత్తుకున్నాడు.

ఇప్పుడు నాకు బొట్టు లేదు. మంజువాణి ఇంట్లో చీపురు పక్కన నిలబడతాను. ఒళ్ళంతా తుప్పు. పట్టదూ మరి, రోజూ ఐదో వాల్వు దగ్గర చిమ్మే నీళ్ళలో తడుస్తుంటే?