స్తంభానికి స్నానం

ఆదివారం పొద్దున్న బాల్కనీలో బట్టలు ఆరేస్తున్న అత్తగారి చెవిన, లోపల కోడలు ఫోన్లో మాట్లాడుతున్న మాటలు పడ్డాయి.

"మేడమ్, బేస్‌మెంట్ వీకైపోయింది! కొత్త కెమికల్ పోశాక లింకులన్నీ ఊడిపోయాయి. డోసు పెంచితే మొత్తం కుప్పకూలుతుంది!" అంటూ కోడలు పకపకా నవ్వింది. "ఇప్పుడే ఎవరికీ చెప్పకండి. ఇంకోసారి పోసి చూద్దాం."

అత్తగారి చేతిలోని తడి తువ్వాలు జారి కింది ఇంటివాళ్ళ కుండీ మీద పడింది. కోడలు ఏదో పరిశోధనశాలలో రసాయనాలతో పనిచేస్తుందని ఆవిడకు తెలుసు. ఆ సంగతి చెప్పుకుని మురిసిపోయేది కూడా. కానీ ఇదేం పరిశోధన! బేస్‌మెంట్ అంటే పునాది కదా. పునాది కూలితే ఆరు అంతస్తులూ ఏం కావాలి? పైగా నిన్న సాయంత్రం కోడలు కింద, బళ్ళు పెట్టేచోట, మూల స్తంభం దగ్గర సీసాలోంచి ఏదో ఒంపడం ఆవిడ కళ్ళారా చూసింది.

అయినా కోడల్ని నిలదీయడానికి మనసొప్పలేదు. పిల్ల తెలివైనదే, తెలివి ఎక్కువై ఇలా చేసి ఉంటుంది. గుట్టుచప్పుడు కాకుండా కడిగేస్తే సరి అనుకుని బకెట్టూ, సబ్బుపొడీ, కొబ్బరిపీచూ పట్టుకుని లిఫ్టులో కిందికి దిగింది.

నురగ మోకాళ్ళదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే అపార్ట్‌మెంట్ ప్రెసిడెంటు కారు తుడుచుకోవడానికి వచ్చాడు. ఆయన గుసగుస కూడా నాలుగో అంతస్తుకి వినిపిస్తుంది కాబట్టి అందరూ ఆయన్ని మైకుగారంటారు.

"ఏంటి పిన్నిగారూ, స్తంభానికి స్నానం చేయిస్తున్నారు?"

అత్తగారికి అబద్ధం ఆడటం చేతకాదు. "ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి బాబూ" అని ఒట్టు వేయించుకుని చెప్పేసింది.

"పునాది కరుగుతోందా!" అన్నాడు మైకుగారు, తన మామూలు గుసగుసలో.

ఇంకేముంది, బిల్డింగంతా మెట్లమీద పడింది. ఒకాయన టీవీని చంకలో ఇరికించుకుని దిగాడు. ఒకావిడ గడ్డానికి రంగు పూసుకుంటున్న మొగుణ్ణి సగం నల్లగానే లాక్కొచ్చింది. అందరూ రోడ్డు అవతల చేరి, బిల్డింగు ఎటువైపు ఒరుగుతుందా అని మెడలు వంచి చూస్తున్నారు.

తలకి తువ్వాలు చుట్టుకుని కోడలు పరుగున వచ్చింది. "అత్తయ్యా, ఏమైంది? మీ అబ్బాయేడీ?"

"అయ్యో! వాణ్ణి లేపడం మర్చిపోయానే!"

"ముందు నువ్వు చెప్పమ్మా," అని మైకుగారు గద్దించాడు. "స్తంభం దగ్గర ఏం పోశావు?"

"పాడైపోయిన నిమ్మరసం."

"మరి బేస్‌మెంట్ కూలుతుందన్నావట?"

కోడలు ఒక్క క్షణం అయోమయంగా చూసింది. తర్వాత అర్థమై రోడ్డు పక్కనే కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. ఎలాగో నవ్వాపుకుని, "అది ఇంటి బేస్‌మెంట్ కాదండీ, ఒంట్లోది! కణాలు కూర్చునే చోట వాటి కింద పల్చటి పొర ఒకటి ఉంటుంది. దాన్నే బేస్‌మెంట్ మెంబ్రేన్ అంటాం. అది కొలాజెన్ అనే ప్రోటీన్ పోగులు ఒకదానికొకటి ముడిపడి అల్లుకున్న వల. షుగరు ముదిరితే కిడ్నీల్లో ఆ పొర దళసరెక్కిపోతుంది. ఎక్కువైన ఆ ముడుల్ని, అంటే లింకుల్ని, ఊడదీసే మందు కోసం మేం వెతుకుతున్నాం" అంది.

ఐదో అంతస్తు ఆవిడ భగ్గుమంది. "నేను నిగారింపు కోసం రోజూ పాలల్లో కొలాజెన్ కలుపుకుని తాగుతుంటే, నువ్వు దాన్ని ఊడగొడుతున్నావా?"

"మీ పాల జోలికి రాను ఆంటీ."

మైకుగారు దగ్గరికి జరిగాడు. "నాకు పదేళ్ళుగా షుగరమ్మా. ఆ మందు ఒక చెంచాడు..."

"వద్దంకుల్! డోసు మించితే మంచి పొర కూడా పాడవుతుంది. ఇంకా గాజుపళ్ళెంలో కణాలమీదే చూస్తున్నాం."

జనం టీవీతో సహా లోపలికి మళ్ళారు. అత్తగారు మాత్రం బకెట్టు పట్టుకుని తల వంచుకుని నిలబడింది. కోడలు బకెట్టు అందుకుంది.

"నేను బిల్డింగు కూలుస్తున్నాననుకుని కూడా నన్నొక్క మాట అనలేదేంటి అత్తయ్యా?"

"అంటే నువ్వు బాధపడతావు. కడిగితే పోయేదానికి గొడవెందుకని..."

కోడలికి మళ్ళీ నవ్వొచ్చింది. బకెట్టు కింద పెట్టేసింది. తడి చేతులతోనే అత్తగారిని గట్టిగా వాటేసుకుంది.

తర్వాతి వారం రెండోసారి చేసిన ప్రయోగంలో సగం లింకులే ఊడాయి. కోడలు మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చింది. సంగతి విన్న అత్తగారు, "సగం ఊడితే తక్కువా? నేను గంటసేపు తోమినా ఆ స్తంభం మీద మరకే పోలేదు" అంది.

లోపల్నుంచి కొడుకు ఆవులిస్తూ వచ్చి, ఏ స్తంభం అని అడిగాడు.